ఊరు విడవని సారు – సయ్యద్ అబ్దుల్ రహీం

మన గోడపత్రికలో ఇంతవరకు కవుల జీవితాలు, సంఘ సంస్కర్తల జీవితాలు చాలా వచ్చినాయి. ఈసారి నేను ఒక ఫుట్‌బాల్ కోచ్ గురించి రాస్తున్నాను. ఆటల మీద ఇష్టం లేనివాళ్లు పేజీ దాటి వెళ్లిపోకండి. ఇందులో ఆట ఎంత ఉందో, పాఠం చెప్పడం గురించి కూడా అంతే ఉంది. ఎందుకంటే ఈయన మొదట బడిపంతులు. చనిపోయేదాకా కూడా అలాగే ఉన్నారు.

పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. 2024లో అజయ్ దేవగణ్ నటించిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకి పేరు గుర్తుండే ఉంటుంది. అది రాకముందు తెలుగువాళ్లలో ఎంతమందికి ఈయన తెలుసు? హైదరాబాదులో పుట్టి, హైదరాబాదులోనే పని చేసి, భారతదేశానికి రెండు సార్లు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టిన మనిషి. అట్లాంటి మనిషి మన పాఠ్యపుస్తకాల్లో నాకైతే ఎక్కడా కనబడలేదు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, అక్కడే ఫుట్‌బాల్ బాగా ఆడారు. చదువు అయినాక బడిలో ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూల్లో, తర్వాత ఇంకొన్ని బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసి, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. పొద్దున బడి, సాయంత్రం మైదానం. స్థానిక లీగులో కమర్ క్లబ్ తరఫున ఆడేవారు. ఆటగాడుగా ఆయన పేరు దేశమంతా మోగలేదు. ఆయన గొప్పతనం వేరే చోట ఉంది.

నలభైల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ పదవిలో చనిపోయేదాకా ఉన్నారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యారు. అది కూడా చనిపోయేదాకానే. ఈ పదమూడేళ్లలో దేశ జట్టుకి కోచ్‌గా వెళ్లారు, విదేశాలు తిరిగారు. కానీ తిరిగొచ్చింది మాత్రం ఎప్పుడూ ఈ పోలీసు జట్టు దగ్గరికే. నాకు ఈయన మీద ఇష్టం కలిగింది ఇక్కడే.

ఎందుకో చెప్తాను. ఆ రోజుల్లో భారతదేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ – పేరూ డబ్బూ జనమూ అన్నీ అక్కడే. మన వేలూరులో గాంధీ రోడ్డు పక్క సందుల్లో ఆసుపత్రికి వచ్చిన బెంగాలీవాళ్ల కోసం బెంగాలీలో బోర్డులు ఉంటాయి కదా, ఆ లాడ్జీల్లో ఎవరినన్నా కదిలించి చూడండి, మోహన్ బగానా ఈస్ట్ బెంగాలా అని అడిగితే జబ్బు సంగతి మర్చిపోయి మాట్లాడతారు. అంత పిచ్చి వాళ్లకి. హైదరాబాద్ పోలీస్ జట్టులో ఉన్నదేమో పోలీసు ఉద్యోగం చేసుకునే కుర్రవాళ్లు. ఒక పిల్లవాడు బాగా ఆడుతున్నాడని తెలిస్తే చాలు, కలకత్తా క్లబ్బులు తీసుకుని పోయేవి. రహీం సాబ్ ఏళ్ల తరబడి నేర్పించడం, వాళ్లు ఎగిరిపోవడం. ఆయన మాత్రం మళ్లీ కొత్త పిల్లల్ని వెతుక్కుని మొదటినుంచి మొదలుపెట్టేవారు. ప్రతి జూన్‌లో కొత్త క్లాసు వచ్చినప్పుడు టీచర్లు చేసే పని ఇదే కదా!

ఆ జట్టు ఏమి సాధించిందంటే, అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957లో గెలిచింది. తర్వాత పేరు మారి ఆంధ్రా పోలీస్ అయినాక 1961లో మళ్లీ గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో కూడా హైదరాబాదు 1956–57, 1957–58 రెండేళ్లు వరుసగా విజేత. కలకత్తా జట్లకి హైదరాబాద్ అంటే భయం పట్టుకుంది.

ఇదంతా ఎట్లా సాధ్యమైంది? రహీం సాబ్ నేర్పించే పద్ధతి వల్ల. అప్పుడు మనవాళ్ల ఆట ఎట్లా ఉండేదంటే, బంతి దొరికినవాడు దాన్ని కాళ్ల దగ్గరే పెట్టుకుని, ఎదుటివాళ్లని ఒకరి తర్వాత ఒకరిని తప్పించుకుంటూ పోవడం. చూడటానికి బాగుంటుంది, చప్పట్లు పడతాయి. కానీ జట్టు గెలవదు. రహీం సాబ్ హైదరాబాదులో పిల్లలకి విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలి, అంటే కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో. వయసుని బట్టి, ఎత్తుని బట్టి కూడా పోటీలు ఉండేవి, చిన్నపిల్లలు పెద్దవాళ్ల మధ్య నలిగిపోకుండా. చెప్పడానికి చిన్న చిన్న విషయాలే. మనకున్న బలహీనతని రోజూ కొంచెం కొంచెం వాడి వాడి బలంగా మార్చుకోవడం అందులో ఉంది. వ్యాకరణం రాదని వ్యాకరణం ప్రశ్నే వదిలేసే మనలాంటివాళ్లకి ఇది కొంచెం గుచ్చుకోవాలి.

తులసీదాస్ బలరాం సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేద పిల్లవాడు, తల్లిదండ్రులు తమిళులు. రహీం సాబ్ అతని ఆట చూసి శిక్షణకి రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవని ఆ అబ్బాయి చెప్పుకున్నాడు. అయితే సైకిల్ అద్దెకి తీసుకుని రా, ఆ అద్దె నేనిస్తానన్నారు రహీం సాబ్. ఆ అబ్బాయే ఇరవై ఏళ్లకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లినాడు. తర్వాత రోమ్ ఒలింపిక్స్‌లో రెండు గోల్స్ వేశాడు. అతను కూడా కలకత్తాకే పోయినాడు, ఈస్ట్ బెంగాల్ జట్టుకి. సైకిల్ అద్దె ఇచ్చిన సారు మాత్రం హైదరాబాదులోనే ఉండిపోయారు.

ఇప్పుడు దేశ జట్టు సంగతికి వస్తాను. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినాయి. రహీం సాబ్ కోచ్, శైలేన్ మన్నా కెప్టెన్. ఫైనల్లో ఇరాన్ మీద 1–0 తేడాతో గెలిచి బంగారు పతకం తెచ్చుకున్నారు. మేవాలాల్ ఆ గోల్ వేసినాడు.

మరుసటి ఏడే పెద్ద దెబ్బ. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయినారు. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడారు. అక్కడి చలికి, తడి నేలకి, బూట్లు వేసుకున్న యూరప్ ఆటగాళ్లకి వట్టి కాళ్లు ఆగుతాయా? దాని తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఇంకొకరైతే ఆ అవమానానికి కోచ్ పనే మానుకునేవాళ్లు. రహీం సాబ్ ఆ ఒలింపిక్స్‌ని కూడా ఒక క్లాసులాగే తీసుకున్నారు. అక్కడ బంగారు పతకం గెలిచిన హంగేరీ లాంటి యూరప్ జట్ల ఆట నుంచి నేర్చుకున్నారు. అందరికంటే ముందు నిలబడే సెంటర్ ఫార్వర్డ్‌ని కొంచెం వెనక్కి జరిపి ఆడించడం, నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఉండే అమరిక – ఇవన్నీ తన పిల్లల చేత సాధన చేయించారు.

ఫలితం నాలుగేళ్లకి కనబడింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాని మనవాళ్లు 4–2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియావాడు అతనే. సెమీఫైనల్లో అదే యుగోస్లావియా. ముందు గోల్ వేసింది మనమే. చివరికి 4–1తో ఓడిపోయినాం. మూడో స్థానం ఆటలో బల్గేరియా చేతిలో ఓడి, నాలుగో స్థానంలో నిలిచాం. పదికి ఒకటి నుంచి నాలుగేళ్లలో ఇక్కడికి! ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం లాంటి హైదరాబాద్ పిల్లలు చాలామంది ఉన్నారు. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్‌కి ఈ రోజుకీ అదే అన్నిటికంటే పెద్ద మెట్టు. 1960 రోమ్‌లో హంగేరీ మీద 2–1తో ఓడినా, ఫ్రాన్స్‌తో 1–1 సమానం చేసి వచ్చారు. ఆ తర్వాత మన జట్టు ఒలింపిక్స్‌కి వెళ్లనే లేదు.

ఇక జకార్తా, 1962. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. సిగరెట్లు విపరీతంగా తాగేవారు, ఆయన జీవితంలో మెచ్చుకోలేని విషయం ఏదన్నా ఉంటే అది ఇదే. క్యాన్సర్ అంటే ఏమిటో వేలూరువాళ్లకి నేను వివరించక్కర్లేదు, ఆ పేరు విని ఊళ్లు దాటి వచ్చిన ముఖాల్ని మనం రోజూ బస్సులో చూస్తూనే ఉంటాం. ఆ ఒంటితో ఆయన జట్టుని తీసుకుని ఇండోనేషియా పోయినారు.

అక్కడ ఇంకో కష్టం. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకి ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. దాన్ని భారతదేశపు క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పు పట్టారు. దాంతో అక్కడి జనం మన మీద మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మైదానంలో మనవాళ్ల పేరు వినబడితే ఎగతాళి కేకలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 ఓటమి. థాయ్‌లాండ్ మీద గెలిచినారు గానీ, ఆ ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. తర్వాత జపాన్ మీద కూడా గెలిచి సెమీఫైనల్‌కి వచ్చారు.

అక్కడ రహీం సాబ్ చేసిన పని ఎవరూ ఊహించనిది. తలకి కుట్లున్న డిఫెండర్‌ని వెనక నిలబెట్టకుండా, ముందుకు పంపి గోల్స్ వేయమన్నారు. జర్నైల్ సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోల్ వేసినాడు, మనం 3–2తో గెలిచినాం. సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియంలో దాదాపు లక్షమంది, అందరూ మనకి వ్యతిరేకమే. మనకోసం అరిచినవాళ్లు ఎవరో తెలుసా? అక్కడికి వచ్చిన పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు! ఫ్లూ జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్ గోల్ కాపలా కాసినాడు. పి.కె. బెనర్జీ ఒక గోల్, కాసేపటికే జర్నైల్ ఇంకో గోల్. చివర్లో కొరియా ఒకటి తిరిగి ఇచ్చినా 2–1తో గెలిచి మనవాళ్లు బంగారు పతకం పట్టుకున్నారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి బంగారం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కంచు వచ్చింది, అప్పుడు కెప్టెన్ కూడా హైదరాబాద్ డిఫెండరే, సయ్యద్ నయీముద్దీన్.

జకార్తా నుంచి వచ్చిన తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్ను మూశారు. వయసు 53. పద్మ పురస్కారం ఏదీ రాలేదు. శిక్షకులకి ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. 2017లో ఆయనకి ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది.

ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. రహీం సాబ్‌ని మనవాడు అనుకోవడానికి మనం ఎందుకు ఇంత ఆలస్యం చేశాం? ఆయన ఇంటి భాష ఉర్దూ కాబట్టా? అట్లయితే మన సంగతేమిటి? గుడియాత్తంలో మగ్గం దగ్గర తెలుగు, బజారులో తమిళం. మా ఇంట్లో నాన్నతో తెలుగు, అమ్మతో తమిళం. వేలూరులో ఉర్దూ మాట్లాడే ఇళ్లు తక్కువా? సరిహద్దుకి ఈ పక్కనున్న మనల్ని తెలుగువాళ్లు కాదంటే మనకి కోపం వస్తుంది కదా. మరి హైదరాబాద్ గడ్డ మీద పుట్టి, అక్కడి పేద పిల్లలకి సైకిల్ అద్దె ఇచ్చి నేర్పినవాణ్ణి భాష చూసి పక్కన పెట్టడం ఏం న్యాయం? ఆయన జట్టులో ఉర్దూ ఇళ్ల పిల్లలున్నారు, బలరాం లాంటి తమిళ ఇళ్ల పిల్లలున్నారు. అలవాటు లేని కాలితో ఆడటం అందరికీ ఒకే రకంగా నేర్పించారాయన.

మనలో చాలామంది డిగ్రీ అయినాక బి.ఇడి. చేస్తారు. కొందరు గుడియాత్తం, పేర్ణాంబట్టు లాంటి చిన్న ఊళ్ల బడుల్లో టీచర్లవుతారు. పెద్ద ఊళ్లకి పోయినవాళ్లు ముందుకు పోయినారు, ఇక్కడే ఉన్నవాళ్లు ఆగిపోయినారు అని ఇళ్లల్లో మాటలు వింటూనే ఉంటాం. ఇంకోసారి ఎవరన్నా ఆ మాట అంటే, హైదరాబాద్ పోలీస్ జట్టు సారు గురించి వాళ్లకి చెప్పండి.

– ద్వితీయ సంవత్సరం, బి.ఏ.