ఎగాస్ మోనిజ్

పోర్చుగల్ దేశంలో అట్లాంటిక్ సముద్రతీరానికి సమీపాన అవాంకా అనే పల్లె ఉంది. 1874 నవంబరు 29న ఆ పల్లెలోని ఒక సంపన్న కుటుంబంలో ఆంటోనియో అనే బాలుడు జన్మించాడు. పన్నెండవ శతాబ్దికి చెందిన ఎగాస్ మోనిజ్ అనే వీరుడు తమ వంశానికి మూలపురుషుడని ఆ ఇంటి పెద్దల విశ్వాసం. అందుచేత బాలునికి నామకరణ సమయంలో ఆ వీరుని పేరు కూడా చేర్చారు. లోకానికి ఆయన ఎగాస్ మోనిజ్‌గానే పరిచితుడు.

కోయింబ్రా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య ముగించి, ఫ్రాన్సులో నరాల వైద్యాన్ని అభ్యసించిన మోనిజ్ 1911లో లిస్బన్‌లో ఆ శాఖకు ఆచార్యుడయ్యాడు. వైద్యంతోపాటు రాజకీయాలు కూడా ఆయనను ఆకర్షించాయి. శాసనసభ్యుడుగా, స్పెయిన్‌లో రాయబారిగా, 1918లో విదేశాంగ మంత్రిగా పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన పిదప పారిస్ శాంతి సమావేశానికి పోర్చుగల్ ప్రతినిధివర్గాన్ని నడిపించినవాడు ఆయనే. అటుపిమ్మట రాజకీయాలకు స్వస్తి చెప్పి పూర్తిగా వైద్యశాస్త్రానికే అంకితమయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది.

ఆ రోజుల్లో ఎక్స్‌రే చిత్రంలో కపాలపు ఎముక కనబడేదే కాని లోపలి మెదడు కనబడేది కాదు. కణితి ఎక్కడ ఉన్నదో తెలియక శస్త్రవైద్యులు తడుముకొనేవారు. రక్తనాళాల్లోకి ఎక్స్‌రే కిరణాలకు అడ్డుపడే ద్రవాన్ని పంపితే, మెదడులోని నాళాలు చెట్టుకొమ్మల వలె చిత్రంలో కనిపిస్తాయని మోనిజ్ ఊహించాడు. తొలి ప్రయోగాలు విఫలమయ్యాయి. ఒక రోగి మరణించాడు. ద్రవాన్ని మార్చి మళ్లీ ప్రయత్నించగా 1927 జూన్ 28న స్పష్టమైన చిత్రం లభించింది. కణితి ఉన్నచోట నాళాలు పక్కకు ఒత్తుకుపోయి కనిపించాయి. నేడు పక్షవాత రోగులకు చేసే మెదడు యాంజియోగ్రామ్‌కు మూలం ఆ చిత్రమే. మోనిజ్ ఈ ఒక్క పనితో ఆగి ఉంటే ఆయన చరిత్రలో వివాదానికి ఇంత తావుండేది కాదు.

మతి చలించిన మనిషి ఉన్న ఇంటి దుఃఖం అశ్వారావుపేట అడవి పల్లెలోనైనా, లిస్బన్ నగరంలోనైనా ఒకటే. ఇక్కడ భూతవైద్యుని ఆశ్రయించేవారు. అక్కడ రోగులను మానసిక చికిత్సాలయాల్లో ఏళ్ల తరబడి బంధించేవారు. తీవ్రమైన మనోవ్యాధిని నిలకడగా అదుపులో ఉంచగల మందు అప్పటికి ఏ దేశంలోనూ లేదు. మోనిజ్ చేసిన పనిని తూచేటప్పుడు ఈ సంగతిని విస్మరించరాదు.

1935 ఆగస్టులో లండన్‌లో జరిగిన నరాల వైద్యుల మహాసభకు మోనిజ్ హాజరయ్యాడు. మెదడు ముందరి భాగాన్ని తొలగించగా ఒక చింపాంజీ కోపం పోయి శాంతించిందని అమెరికా శాస్త్రవేత్తలు ఆ సభలో వివరించారు. అదే ఆయనకు ప్రేరణ అని కొందరంటారు. ఆ ఆలోచన తనకు అంతకుముందే ఉన్నదని ఆయన చెప్పుకొన్నాడు. మనోరోగి ఆలోచనలు ఒకే గాడిలో తిరగడానికి మెదడు ముందరి భాగంలోని నరాల పోగుల్లో ఏర్పడిన స్థిరబంధాలే కారణమనీ, వాటిని తెంచితే రోగి విముక్తుడవుతాడనీ ఆయన సిద్ధాంతం. దానికి ఋజువు లేదు.

కొద్ది నెలల్లోనే, 1935 నవంబరు 12న లిస్బన్‌లోని శాంతా మార్తా ఆసుపత్రిలో తొలి శస్త్రచికిత్స జరిగింది. కీళ్లవాతంతో మోనిజ్ చేతివేళ్లు వంకరపోయినందున ఆయన సూచనలు ఇస్తుండగా యువవైద్యుడు అల్మేదా లిమా కత్తి పట్టాడు. రోగి అరవై మూడేళ్ల స్త్రీ. కపాలానికి రెండు రంధ్రాలు చేసి, తెల్లని నరాల పోగుల్లోకి ఆల్కహాలు ఎక్కించారు. తరువాతి రోగులకు తీగ ఉచ్చు గల సన్నని గొట్టాన్ని లోనికి దింపి, దానిని తిప్పి పోగులను కోశారు.

మొదటి ఇరవైమందిలో ఏడుగురికి నయమైందనీ, ఏడుగురికి మెరుగైందనీ, ఆరుగురిలో మార్పు లేదనీ 1936లో ఆయన గ్రంథం ప్రకటించింది. ఈ లెక్కే అసలు చిక్కు. రోగులను పరిశీలించినది బహు స్వల్పకాలం. అరవడం మానిన మనిషికి నయమైనట్లా, లేక మనిషిలోని చురుకే అణగిపోయినట్లా? ఆ భేదాన్ని తేల్చడానికి నెలలు చాలవు, ఏళ్లు పడుతుంది. నయమైనదని లెక్కించిన తొలి రోగి తిరిగి మానసిక చికిత్సాలయానికే చేరింది. రోగులను పంపిన వైద్యుడు సోబ్రాల్ సిద్ ఈ ఫలితాలను అంగీకరించక, ఇక రోగులను పంపడానికి నిరాకరించాడు. ఆయన అభ్యంతరం లోకానికి వినబడలేదు.

విధానం మాత్రం ఖండాలు దాటింది. 1936లోనే అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ దీనిని లొబాటమీ అనే పేరుతో చేపట్టాడు. 1946 నుండి కనుగూటి గుండా సన్నని పనిముట్టును మెదడులోకి దింపి, కొద్ది నిమిషాల్లో పని ముగించేవాడు. 1941లో ఇరవై మూడేళ్ల రోజ్‌మేరీ కెనెడీకి చేసిన శస్త్రచికిత్స ఆమెకు నడకను, మాటను దూరం చేసింది. ఆమె తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనెడీ చెల్లెలు. అంతటి కుటుంబానికే అడ్డుచెప్పేవారు లేకపోతే, ఆసుపత్రిలో వదిలివేయబడిన అనామకుల సంగతి వేరే చెప్పాలా? మన దేశంలోనూ బెంగుళూరు మానసిక వైద్యశాలలో గోవిందస్వామి, బాలకృష్ణారావు ఈ చికిత్స చేసి 1944లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు.

1939లో ఒక మనోరోగి మోనిజ్‌పై తుపాకి కాల్చాడు. తీవ్రంగా గాయపడినా ఆయన బ్రతికాడు. 1949లో ఈ శస్త్రచికిత్సకుగాను నోబెల్ బహుమతి లభించింది. స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ హెస్‌తో ఆయన దానిని పంచుకొన్నాడు. విచిత్రమేమంటే, యాంజియోగ్రఫీకి అంతకుముందు ప్రతిపాదనలు వచ్చినా బహుమతి రాలేదు. మరుసటి సంవత్సరమే సోవియట్ యూనియన్ ఈ శస్త్రచికిత్సను నిషేధించింది. 1952లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు మనోరోగుల చికిత్సలోకి రావడంతో కత్తి అవసరం వేగంగా తగ్గింది. ఆ మార్పును కళ్లారా చూసి, 1955 డిసెంబరు 13న మోనిజ్ లిస్బన్‌లో కన్నుమూశాడు.

శస్త్రచికిత్స పొందినవారి బంధువులు కొందరు ఆయన బహుమతిని రద్దుచేయాలని తరువాతి కాలంలో కోరారు. నోబెల్ సంస్థ అందుకు సమ్మతించలేదు. అవాంకాలో ఆయన నివసించిన ఇల్లు నేడు ప్రదర్శనశాల. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మనోవ్యాధికి మెదడుపై శస్త్రచికిత్స చేయాలంటే విషయమంతా తెలిసిన రోగి స్వయంగా అంగీకరించాలి. ఆపై సంబంధిత మండలి అనుమతి కూడా ఉండాలి. లిస్బన్‌లోని ఆ అరవై మూడేళ్ల స్త్రీకి అటువంటి చట్టం లేదు.