తిమిరముతో పోరిన కవి

వెలుగును గూర్చి పద్యములు వ్రాసినవారు పెక్కురు. వెలుగుకొఱకు చెఱసాల కేగినవారు కొందఱే. అట్టివారిలో దాశరథి కృష్ణమాచార్యులను మేము నేడు స్మరించుచున్నాము. 1925 జులై 22న ఓరుగల్లు సీమలోని చినగూడూరున జన్మించి, సంస్కృతాంధ్రములతోపాటు ఉర్దూను సాధించిన వీరు, నిజాము నిరంకుశత్వము నెదిరించి నిజామాబాదు చెఱను బడిరి. అచట బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసిరి. నల్లని బొగ్గే వారి చేత దివిటీ యయ్యెను. 1949లో వెలువడిన 'అగ్నిధార'ను సహఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామికి అంకిత మొసంగిరి. నిజాము పాలన అంతరించినను వారి పోరు చల్లాఱలేదు. 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కార మందిన కావ్యము పేరే 'తిమిరంతో సమరం'. 1987 నవంబరు 5న వారు దివంగతులైరి. మన లోగిళ్ళలోని దీపము కూలివాని గుడిసెలోను వెలుగువఱకు ఆ సమరము ముగిసినదని మేము తలంపజాలము.