శిల్పశాస్త్ర సేవకుడు రామరాజ్

గోపురమునకు చేతులు జోడించు మనము, దానిని నిలిపిన శాస్త్రమును తలచుట అరుదు. ఆ శాస్త్రమును ఆంగ్లమున లోకమునకు తెలిపిన మహనీయుడు రామరాజ్.

ఆయన సుమారు 1790లో తంజావూరున జన్మించెను. విజయనగర రాజవంశీయులని ప్రతీతి. అయినను గుమాస్తాగా జీవితమారంభించి, మద్రాసు సెంటుజార్జికోట కళాశాలలో ఆంగ్లోపాధ్యాయుడై, పిదప బెంగుళూరున న్యాయాధిపతి యయ్యెను.

మానసారము, మయమతము మున్నగు శిల్పగ్రంథములను ఆయన సేకరించెను. కాని అర్థము చెప్పువారేరీ? పండితులకు శ్లోకము వచ్చును, శిల్పుల పరిభాష తెలియదు. శిల్పులకు పని వచ్చును, సంస్కృతము రాదు. అంతట తంజావూరు శిల్పి నొకనిని ఆశ్రయించి, శ్లోకములోని కొలతలను రాతిపనితో సరిచూచుకొనెను. పీఠము, స్తంభము, విమానము, గోపురము వీని లక్షణములను వివరించుచు 48 చిత్రపటములతో ఆయన రచించిన గ్రంథమును లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీవారు 1834లో ప్రకటించిరి. అప్పటికే ఆయన కీర్తిశేషుడు. అచ్చయిన పుస్తకమును కన్నులార చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను.

పూర్వుల రాజ్యము పోయినను, వారు పోషించిన విద్యను ఆయన నిలిపెను. శ్లోకములు వల్లించు మావంటివారికి ఇందొక హెచ్చరిక కలదు. ఉలి పట్టిన చేతికి నమస్కరించి అడిగినగాని శాస్త్రము నోరు విప్పదు. ఆలయ జీర్ణోద్ధరణకు పూనుకొను భక్తులు ముందుగా స్థపతిని గౌరవింతురుగాక!