మోనే కలువల కొలను

మన కవుల కలువ చంద్రుని కోసం కన్ను విప్పుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే పెంచిన కలువలు పగటిపూట పూచేవి. ఆయనకు కావలసినది పూవు కాదు. పూవుపై నిమిషనిమిషానికీ మారే వెలుతురు.

మోనే 1840లో పారిస్‌లో జన్మించి, సముద్రతీరాన లహావ్ర్ పట్టణంలో పెరిగినాడు. 1874 నాటి ప్రదర్శనలో ఆయన సూర్యోదయ చిత్రాన్ని చూచి ఒక విమర్శకుడు వేసిన ఎత్తిపొడుపే ఇంప్రెషనిజం అన్న పేరై నిలిచిపోయింది. 1879లో భార్య కమీల్ కన్నుమూసినప్పుడు, ఆమె ముఖాన మారుతున్న నీలి, పసుపు, బూడిద ఛాయలను తన కన్ను తనకు తెలియకుండానే లెక్కించినదని తరువాత ఆయనే భయంతో చెప్పుకొన్నాడు. వరమో శాపమో కాని, ఆ కన్నే ఆయన సర్వస్వం.

1883లో జివెర్నీ గ్రామం చేరాడు. పదేళ్ల తరువాత ఏటిపాయను మళ్లించి కొలను ఏర్పరచాడు. పరదేశపు మొక్కలు నీటిని చెరుస్తాయని గ్రామస్థులు అభ్యంతరపెట్టినా వినలేదు. ఆ కొలను చిత్రాలలో క్రమంగా గట్టు మాయమయింది, దిగంతరేఖ మాయమయింది. ఆకాశం నీటిలో మాత్రమే మిగిలింది. నీడలలో నలుపు లేదు. ఊదా ఉన్నది, పచ్చ ఉన్నది. దగ్గరకు పోతే వట్టి కుంచె గీతలు. నాలుగడుగులు వెనుకకు వేస్తే కలువలు. అదే కొలను ఉదయం పొగమంచులో ప్రశాంతంగా, సంధ్యలో దహించుకొనిపోతున్నట్లుగా కనిపిస్తుంది.

1911లో రెండవ భార్య ఆలిస్, 1914లో పెద్దకుమారుడు మరణించారు. నడుమ 1912లో కండ్లలో శుక్లాలు బయటపడినవి. ఎరుపు మట్టిరంగయింది. రంగుగొట్టాలపై పేర్లు చూచుకొని, పలకమీద వాటిని ఒకే వరుసలో పెట్టుకొని చిత్రించాడు. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స జరిగిన తరువాత లోకమంతా నీలమయం కాగా, రంగుటద్దాలు ధరించవలసివచ్చింది. నచ్చని చిత్రాలను తానే నాశనం చేశాడు.

యుద్ధం ముగిసిన 1918లో, మిత్రుడైన ప్రధాని క్లెమాన్సో ద్వారా కలువల చిత్రాలను జాతికి ఇస్తానన్నాడు. కాని ప్రాణమున్నంతవరకు చేయివిడువలేదు. 1926 డిసెంబరు 5న మరణించాడు. 1927 మేలో పారిస్‌లోని ఒరాంజెరీలో, రెండు అండాకారపు గదులలో అవి ప్రజల కంటబడినవి. ఆయన కోరినట్లే అక్కడ వెలుతురు పైకప్పు నుండి దిగుతుంది. ఆకాశం మబ్బు పట్టిననాడు ఆ కలువలూ మసకబారుతవి.