బెంజమిన్ షుల్జ్ : అచ్చుకు నోచని తెలుగు బైబిలు

సంగారెడ్డినుండి పటాన్‌చెరువు మీదుగా పోవు బస్సులో ఉదయము పూట కర్మాగారములకు వెళ్లువారి సంభాషణ కొంత తెలుగున, కొంత దక్కనీ ఉర్దూలో సాగుచుండును. ఆ ప్రాంతపు క్రైస్తవ దేవాలయములలో ఆదివారమునాడు బైబిలు తెలుగున చదువుదురు. ఈ రెండు భాషలలోనికిని బైబిలును తేవలెనని ఒకే పండితుడు సుమారు మూడు శతాబ్దములకు పూర్వమే పూనుకొనెనన్న సంగతి మన విద్యార్థులలో పెక్కుమందికి తెలియదు. ఆయన పేరు బెంజమిన్ షుల్జ్. జర్మను దేశస్థుడు. ఆయన తెలుగు కృషి ఆరంభమైనది చెన్నపట్టణమున.

షుల్జ్ 1689లో బ్రాండెన్‌బర్గు సీమలోని సొనెన్‌బర్గున జన్మించి, హాలె నగరమున విద్య నభ్యసించెను. ఆ నగరమున ఫ్రాంకె అను ఆచార్యుడు అనాథ శరణాలయమును, పాఠశాలలను, ముద్రణాలయమును నెలకొల్పి యుండెను. బైబిలును హీబ్రూ, గ్రీకు మూలములలో పరిశీలింపవలెను. కాని దాని ఫలము సామాన్యునకు వాని యింటి భాషలో అందవలెను. ఇది అచ్చటి విద్యకు మూలసూత్రము. అల్ప మూల్యమునకు బైబిళ్లను అచ్చొత్తు సంస్థ యొకటి 1710లో అచ్చటనే వెలసెను. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

1719లో షుల్జ్ తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు చేరెను. తమిళమునకు కొత్త నిబంధనను ఇచ్చిన జీగెన్‌బాల్గ్ ఆ యేడే మరణించి యుండెను. పాత నిబంధన రూతు గ్రంథముకడ ఆగిపోయినది. మిగిలిన భాగమును షుల్జ్ పూర్తిచేసెను. దాని ముద్రణ 1728లో ముగిసెను. విద్యయందు ఎంతటి శ్రద్ధాళువో, స్వభావమున అంతటి పట్టుదల గలవాడు. తోడివారితో పొసగలేదు. 1726లో తరంగంబాడిని విడిచి చెన్నపట్టణము చేరెను. ఆ కలహము లేకున్నచో ఆయన తెలుగు జోలికి వచ్చియుండెడివాడో కాదో!

ఆనాటి చెన్నపట్టణమున తమిళముతో సమానముగా తెలుగు వినవచ్చెడిది. తమిళుల వాడుక ననుసరించి షుల్జ్ తెలుగును వడుగ భాష యనెను. 1728లో లాటినున తెలుగు వ్యాకరణము వ్రాసెను. 1732 నాటికి బైబిలు నంతటిని తెలుగున ముగించెను. పాఠశాల నడుపుచు, మిషను లెక్కలు చూచుకొనుచు, పట్టుమని పదియేండ్లయినను గడువకముందే ఇంతపని జరిగినది.

ఈ పని యెంత కష్టమో యోచింపుడు. వ్యాఖ్యాత ఒక వాక్యమునకు రెండు మూడు అర్థములు చెప్పి, నిర్ణయమును చదువరికే విడువవచ్చును. అనువాదకున కా వెసులుబాటు లేదు. ఒక్కటే మాట ఎన్నుకొని తీరవలెను. దేవుడనుటకు ఏ పదము? పాపము, కృప, బలి అను మాటలకు మన పురాణములు, శతకములు అదివరకే తమ తమ అర్థములను కూర్చిపెట్టినవి. వానిని వాడినచో పాత అర్థము వెంటవచ్చును. వాడనిచో వినువానికి ఏమియు తెలియదు. పైగా దక్షిణాంధ్ర యుగమున వచన గ్రంథములు వెలసియున్నను, అంగడిలోని మనుష్యునకు చదివి వినిపింపదగిన వాడుక వచనమునకు అనుసరణీయమైన మార్గ మేర్పడలేదు. కావున షుల్జ్ మూలమునకు అర్థము నిర్ణయించుటయే గాక, దానిని చెప్పుటకు వచనమును సైతము వెదకుకొనవలసి వచ్చెను. ఈ పరభాషీయుడు పలుచోట్ల తడబడియుండుననుటలో వింత లేదు. తోడివారు ఆయన తమిళమునకే వంకలు పెట్టిరి.

భాషలపై ఆయన కుతూహల మంతటితో తీరలేదు. సంస్కృత సంఖ్యావాచకములకు లాటిను, జర్మను సంఖ్యలతో గల పోలికను 1725లోనే హాలెకు వ్రాసిన లేఖలో తెలిపెను. విలియం జోన్సు ప్రసిద్ధోపన్యాసము 1786 నాటిది! ముస్లిముల వాడుక భాషయగు దక్కనీని నేర్చి, హిందూస్తానీ వ్యాకరణము రచించెను. అది 1745లో హాలెలో వెలువడెను. ఆదికాండములోని తొలి అధ్యాయములు, లూకా సువార్త మొదలగునవి ఆయన హిందూస్తానీ అనువాదమున కాలెన్‌బర్గు ముద్రణాలయమునుండి వెలువడెను. చెన్నపట్టణపు జీవితమును వర్ణించుచు ముప్పది సంభాషణలను తెలుగున కూర్చెను. వాని ఆంగ్లానువాదము 1750లో అచ్చయ్యెను.

1743లో షుల్జ్ స్వదేశమునకు మరలి, హాలె శరణాలయమునకు పర్యవేక్షకుడయ్యెను. 1746, 1747 సంవత్సరములలో అచ్చట తెలుగు లిపిలో పుస్తకములు వెలువడినవి. తెలుగున మనకు తెలిసిన తొలి అచ్చు పుస్తకములు ఇవియే. క్రైస్తవ ధర్మమును బోధించు ప్రశ్నోత్తరములు, ఆర్న్ట్ అను జర్మను భక్తుని గ్రంథమునకు అనువాదము అందులోనివి. బైబిలు మాత్రము లేదు. అల్ప మూల్యమునకు బైబిళ్లు వెలువరించు సంస్థ ఆ వీథిలోనే యున్నది. తెలుగు అక్షరములు సిద్ధముగా నున్నవి. అనువాదకుడు ఎదుటనే యున్నాడు. అయినను ఆ వ్రాతప్రతి వ్రాతప్రతిగనే మిగిలినది. మూలమును శోధించి అర్థము నిర్ణయించిన పండితునకు తన గ్రంథము చదువరి చేతికి చేరకపోవుటకంటె పెద్ద శిక్ష వేరొకటి కలదా?

ఆయన 1760లో హాలెలోనే కన్నుమూసెను. చెన్నపట్టణమున ఆయన స్థానమునకు వచ్చిన ఫాబ్రీసియస్ తమిళ బైబిలును మరల అనువదించెను. తెలుగున కూడ తరువాతివారు షుల్జ్ ప్రతిపై ఆధారపడక మొదటినుండి ఆరంభింపవలసి వచ్చెను. విశాఖపట్టణమున డెస్ గ్రాంజస్, ఆనందరాయరు సహాయమున అనువదించిన సువార్తలు 1812లో అచ్చయ్యెను. ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో చెన్నపట్టణమున వెలువడెను. సంపూర్ణ తెలుగు బైబిలు పందొమ్మిదవ శతాబ్ది నడుమగాని చదువరులకు చిక్కలేదు.

షుల్జ్ తెలుగు వ్యాకరణమునకు మాత్రము ఆలస్యముగనైనను అచ్చుయోగము పట్టినది. వ్రాసిన 256 ఏండ్లకు, 1984లో, అది హాలె నగరముననే ప్రచురింపబడెను.