ఇటుకలు పేర్చిన ఇంజనీరు ఫ్రాంక్ గిల్‌బ్రెత్

నిర్మాణరంగంలో ఉన్న మనవాళ్ళకి ప్రొడక్టివిటీ అనే మాట రోజూ చెవిన పడేదే. ఇక్కడ ప్రాజెక్టు షెడ్యూళ్ళు వేసే ఇంజనీరుగా ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చే మనిషి ఫ్రాంక్ బంకర్ గిల్‌బ్రెత్.

ఆయన 1868లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పోయాడు. ఎం.ఐ.టి.లో చేరే అవకాశం ఉన్నా, 1885లో, పదిహేడేళ్ళప్పుడు, బాస్టన్‌లో తాపీపని నేర్చుకోవడానికి చేరాడు. అక్కడ ఒక వింత గమనించాడు. మేస్త్రీలు తలా ఒక రకంగా ఇటుక పేరుస్తున్నారు. ఒకే మేస్త్రీ నిదానంగా చేసేటప్పుడు ఒక పద్ధతి, తొందరలో ఒకటి, కొత్తవాడికి నేర్పేటప్పుడు మరొకటి!

ఆ కదలికల్ని లెక్కపెడితే ఇటుకకి 18 తేలాయి. ఇటుకలు కిందే ఉంటే మేస్త్రీ ప్రతిసారీ నడుం వంచి, తన ఒళ్ళు బరువంతా మళ్ళీ పైకెత్తుకోవాలి. అందుకని గోడతోపాటు పైకి జరిపే పరంజా తయారుచేశాడు. దానిమీద బల్ల వేసి ఇటుకలు, మాలు చేతికందే ఎత్తులో పెట్టించాడు. ఇటుకల్ని ముందే ఏరి, మంచి ముఖం బయటికి వచ్చేలా సర్దే పని సహాయకుడికి అప్పగించాడు. మాలు సరిగ్గా కలిపేసరికి తాపీతో ఇటుకని తట్టే అవసరమూ పోయింది. 18 కదలికలు ఐదుకి దిగాయి. గంటకి 120 ఇటుకలు పేర్చే మేస్త్రీ 350 దాకా పేర్చగలిగాడు.

ఇక్కడ నాకు నచ్చేది, ఆయన మేస్త్రీని పరుగెత్తించలేదు. అనవసరపు శ్రమ తీసేశాడు. 1895లో సొంత కాంట్రాక్టు సంస్థ మొదలుపెట్టి, 1909లో తాపీపని మీద పుస్తకం రాశాడు. 1904లో పెళ్ళాడిన లిలియన్ మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు పొందిన విదుషి. పన్నెండుమంది పిల్లల్ని కంటూనే, భర్తతో కలిసి పనివాళ్ళ అలసట మీద 1916లో ఒక పుస్తకం వెలువరించారు.

అయినా యూనియన్లు ఆయన పద్ధతిని అనుమానించాయి. పని మూడింతలైతే కూలీ మూడింతలవుతుందా, లేక ముగ్గురిలో ఇద్దరికి పని పోతుందా అన్నది వాళ్ళ సందేహం. అది న్యాయమైన ప్రశ్నే. స్టాప్‌వాచీ దానికి జవాబు చెప్పలేదు.

1924 జూన్ 14న న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్ రైల్వే స్టేషన్లో, భార్యతో ఫోన్లో మాట్లాడుతూ గుండెపోటుతో కూలిపోయాడు. వయసు 55. కొద్దిరోజులకే లిలియన్ యూరప్ సదస్సులకు ఆయన బదులు తానే వెళ్ళింది. 1972లో కన్నుమూసేవరకూ ఆ పేరు నిలబెట్టింది.

దుబాయిలో కట్టినా, డల్లాస్‌లో కట్టినా, మన ఊళ్ళో కట్టినా బరువు మోసేది కూలీ నడుమే. షెడ్యూలులో రోజులు తగ్గించే ముందు, ఇటుక ఎంత ఎత్తులో ఉందో ఒకసారి చూద్దాం.