యల్లాప్రగడ సుబ్బారావు

ఎముక నిర్జీవమైన శిల కాదు. రక్తము అందినంత కాలమే అది బ్రతుకును. రక్తప్రసారము తప్పినచో తుంటికీలు నందలి ఎముక క్రమముగా మరణించి కుంగిపోవును. ఆ రక్తమునకు పుట్టినిల్లు ఎముకల నడుమ నున్న మజ్జయే. మజ్జ రోగములకు మందు చూపినవారిలో ఒక తెలుగువాడు కలడు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున పేద కుటుంబములో జన్మించెను. చదువుపై మనసు నిలువక మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవసారి గాని ఉత్తీర్ణుడు కాలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయుడైన ఆచార్యుని కోపమునకు గురియై, తక్కువ తరగతి యగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలినది. తిన్నది ఒంటబట్టక, రక్తము క్షీణించి మనుష్యుడు శుష్కించు స్ప్రూ అను వ్యాధి కొలది దినముల తేడాతో ఇద్దరు సోదరులను పొట్టన బెట్టుకొన్నది. ఆనాడు దానికి మందు లేదు.

సుబ్బారావు అమెరికాకు పోయి, బోస్టనులో ఆసుపత్రి కూలిపని చేసి పొట్ట పోసికొనుచు హార్వర్డులో పరిశోధన సాగించెను. ఎముకకు గట్టిదనమిచ్చు భాస్వరమును రక్తములో కొలుచు పద్ధతిని ఫిస్కెతో కలిసి 1925లో ప్రకటించెను. వైద్యవిద్యార్థులకు నేటికిని అది ఫిస్కె-సుబ్బారావు పద్ధతియే. ఇంత చేసినను అచట స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరెను.

అచట ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఈ విటమిను లేనిచో మజ్జలో ఎర్రకణములు పక్వము కావు. సోదరులను బలిగొన్న స్ప్రూ దీనికి లొంగినది! నేడు నంద్యాల, ఆళ్లగడ్డ ఆసుపత్రులలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలలోని ఫోలిక్ ఆమ్లము ఇదియే.

మజ్జ అదుపు తప్పి తెల్లకణములను విపరీతముగా కన్నచో అది రక్తపు క్యాన్సరు. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్ అను మందును సుబ్బారావు బృందము సిద్ధపరచెను. 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు దానినిచ్చి కొందరు పిల్లలకు తాత్కాలికముగనైనను ఉపశమనము కలిగించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు తరువాతి కాలమున మజ్జమార్పిడికిని తోడ్పడినది. దాత కణములు రోగి శరీరముపై తిరుగబడకుండ దానిని వాడుదురు. ఇపుడు వైద్యులు రోగి మజ్జలోని మూలకణములను రక్తము అందక చెడిన తుంటి ఎముకలోనికే ఎక్కించుచున్నారు. వ్యాధి ముదరకముందే చేసిన కొందరికి మేలు కనబడినది, అందరికిని కాదు.

సుబ్బారావు ఇదంతయు చూడలేదు. 1948 ఆగస్టులో, తన 53వ యేట, న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి మరణించెను. స్వదేశమును వీడి అప్పటికి దాదాపు ఇరువదియైదేండ్లు. ఒక్కమారైనను తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఈ గడ్డమీదనే ఉండిపోయెను.